అక్కులప్ప పక్కన మూడు రోజులు

చౌడప్ప సారును ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ఒక పని చెప్పేవాడు. మంచి డిజైను అంటే ఏమిటని ఒకామె అడిగితే, పెళ్ళి జరుగుతున్న కల్యాణ మంటపం గుమ్మం పక్కన గంటసేపు నిలబడి, ఏ చీరను ఆడవాళ్ళు వెనక్కి తిరిగి మరీ చూస్తారో చూసి రమ్మన్నాడు. ఆమె వెళ్ళి నిలబడింది. వచ్చాక మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఇటువంటి అనుభవం ఒకటైనా ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది వారిజది. ఆమె నాకు గురువు. చౌడప్ప సారు ఆమెకు గురువు. ఆమె నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ధర్మవరంలో పట్టుచీర కొంగు మీద ఏ పువ్వు పూయాలన్నా, అది ముందు గళ్ళ కాగితం మీద పూయాలి. ఒక్కొక్క గడి ఒక్కొక్క దారానికి గుర్తు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీది జకార్డు పెట్టెకు ఎక్కుతాయి. ఏ దారం లేవాలో, ఏది అణగాలో ఆ చిల్లులే చెబుతాయి. చౌడప్ప సారు ఇరవై ఆరేళ్ళు ఆ గళ్ళను పెన్సిలుతో నింపాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయన వయసు యాభై రెండు. ఇక మనకెందుకని తోటివాళ్ళు తప్పుకుంటే, ఆయన మాత్రం కూర్చుని మౌసు పట్టుకున్నాడు. తరువాత ఒక చేనేత సంఘంవాళ్ళు తమ మేడ మీది గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టి, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ నేతవాళ్ళకు నేర్పమని ఆయనకు అప్పగించారు. కొన్నేళ్ళకు చూపు మందగించి, సాయంగా వారిజను తీసుకున్నాడు.

వారిజ పాలిటెక్నిక్‌లో టెక్స్‌టైల్ డిప్లొమా చేసిన పిల్ల. పదో తరగతి వరకూ తెలుగు మీడియం. కాలేజీలో మొదటిరోజు కంప్యూటర్ ముందు కూర్చుని, మీట ఎక్కడుందో తెలియక, పక్కవాళ్ళను అడగడానికి సిగ్గుపడి, గంటసేపు నల్లటి తెరను చూస్తూ ఉండిపోయింది. ఆమెను గట్టెక్కించింది ఒక లెక్చరరు రాసిచ్చిన నోట్సు. మీట ఎక్కడుందో చెప్పడం దగ్గర మొదలుపెట్టి, మెట్టు తరువాత మెట్టుగా రాసిన నోట్సు అది. అందుకే ఆమెకు పాఠం మీద, పాఠాల వరస మీద గొప్ప నమ్మకం. తడుముకోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. మరొకరు తడుముకుంటుంటే చూడలేకపోయేది. సంఘంలో చేరిన నెలకే ముప్పై రెండు పాఠాలు తయారుచేసింది. ఒకటి వచ్చాకే రెండోది. పొద్దున పది నుంచి పన్నెండున్నర వరకు క్లాసు.

ఆ వరసకు లొంగనివాడు అక్కులప్ప ఒక్కడే. నలభై నాలుగేళ్ళ మనిషి. చిన్నప్పటినుంచీ మగ్గమే బతుకు. రెండేళ్ళ కింద స్కూటరు మీద నుంచి పడి మోకాలు చితికింది. గుంత మగ్గంలో కూర్చుని కాలు ఆడించలేడు. మగ్గం మీద ఇప్పుడు భార్య కదిరమ్మ కూర్చుంటోంది. తాను ఊరికే ఇంట్లో ఎంతకాలమని కూర్చుంటాడు? డిజైన్లు గీయడం నేర్చుకుంటే ఏదో ఒక దారి దొరుకుతుందని కర్ర పోటేసుకుంటూ మేడ మెట్లెక్కి వచ్చాడు. మొదటిరోజు క్లాసులో కూర్చున్నాడు. రెండోరోజు రాలేదు. మూడోరోజు నుంచి మాత్రం, క్లాసు ముగిసి అందరూ అన్నాలకు వెళ్ళాక వచ్చి, కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని, తానే ఏదో నొక్కి, ఏదో చెరిపి, సాయంత్రం దాకా ఉండి వెళ్ళేవాడు. వారిజ రెండుసార్లు పిలిచింది.

“అన్నా, క్లాసుకు రాకూడదా? ఒక నెలలో అంతా పద్ధతిగా వచ్చేస్తుంది.”

“ఉండనీ లేమ్మా. నా పాట్లు నేను పడతా” అని తల తిప్పుకున్నాడు.

అది పొగరని ఆమె అనుకుంది. ఒకరోజు క్లాసుకు వచ్చినవాళ్ళలో ఇద్దరు, “ఆయన రాకపోయినా నేర్చుకుంటున్నాడు గదా, మేమూ మధ్యాహ్నమే వస్తాం” అనేసరికి ఆమెకు పట్టరాని దుఃఖం వచ్చింది. క్లాసుకు రానివాళ్ళు కంప్యూటర్ ముట్టుకోకూడదని ఒక కాగితం రాసి, గోడకు అంటించే ముందు చౌడప్ప సారుకు చూపించింది. చూపించి ఇలా అడిగింది:

“సారూ, నాకొక మాట చెప్పండి. ఒకరు పద్ధతిగా నేర్పితే వచ్చే విద్య గొప్పదా, ఎవరికి వాళ్ళు తడుముకుని నేర్చుకునేది గొప్పదా? మీరు ఏది చెబితే అది చేస్తాను.”

ఆయన కాగితం చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అక్కులప్ప పక్కన మూడు దినాలు కూర్చోమ్మా. నోరు మాత్రం విప్పొద్దు. ఆ తరువాత చూద్దాం” అన్నాడు.

మొదటిరోజు వారిజ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేసరికి అక్కులప్ప చేయి మౌసు మీదే ఆగిపోయింది.

“సారు కూర్చోమన్నాడన్నా. నేనేమీ మాట్లాడను” అంది.

“తప్పులు పట్టేదానికా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన, పక్కన మనిషి ఉన్న సంగతి మరిచిపోవాలని నిశ్చయించుకున్నవాడిలా తెర మీదకు వంగాడు.

తెర మీద ఒక సీతాఫలం ఉంది. కాలు విరిగి మంచం మీద పడి ఉన్న రోజుల్లో అత్తగారు కొండ నుంచి తెచ్చిన సీతాఫలాలు తలాపున గంపలో ఉండేవట. కదలలేని మనిషి రోజంతా వాటినే చూశాడు. పచ్చికాయ కన్నులు దగ్గరదగ్గరగా బిగుసుకుని ఉండి, మాగే కొద్దీ ఒక్కొక్కటీ ఎడమై, మధ్యలో లేతపసుపు గీత కనబడడం చూశాడు. కొంగు మీద ఈ పండు పడితే ఎట్లుంటుందని అప్పుడు పుట్టిన ఆలోచన ఇది. రెండు నెలల్లో సంఘం కమిటీ కొత్త కొంగులు చూస్తుంది. నచ్చినదాన్ని గీసినవాడికి సంఘంలో డిజైనరుగా చోటు. అతని వీధి మగ్గాలన్నిటికీ దసరా వరకు పని. ఇవన్నీ ఆయన ఆమె వైపు చూడకుండా, తెరతో చెబుతున్నట్టు చెప్పాడు.

కమాండ్లకు ఆయన పెట్టుకున్న పేర్లు వింటుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. రంగు నింపేది బిందె. కోసి పక్కన పెట్టేది కత్తెర. ఒకదాన్ని చూసి ఇంకొకటి చేసేది కవల. “ఈ కవల నాకు పదో దినం దొరికిందమ్మా. అంతవరకూ ఒక్కొక్క ఆకూ మళ్ళా మళ్ళా గీస్తాంటి” అన్నాడు, పోయిన వస్తువు దొరికినట్టు. ఆ కమాండు ఆమె పాఠాల్లో నాలుగోది. రెండోరోజే వచ్చేది. ఆమె పళ్ళు బిగించి ఊరుకుంది.

మెనూలో ఒక మూలకు మాత్రం ఆయన బాణం గుర్తును పోనిచ్చేవాడు కాదు. ఆమె అటు చూస్తోందని గమనించి, “అది దయ్యం. ఒకసారి తెలియక నొక్కితే బొమ్మంతా ఎర్ర మచ్చలు. ఏమి చెడగొట్టినానో అని భయపడి మూసేస్తిని. మూసేటప్పుడు ఏందో అడిగె. కుడిపక్కది నొక్కితి. నాలుగు దినాల పని పాయె. ఆ పొద్దు తెలిసింది, ఏమడిగినా ఎడమపక్కదే నొక్కల్ల అని” అన్నాడు.

రెండోరోజు ఆయన కట్టు చుక్కలు పెడుతూ కూర్చున్నాడు. పైకి తేలిన దారం ఎక్కువ గళ్ళ దూరం అలాగే సాగితే వదులై, గాజుకో ఉంగరానికో తగులుకుని లేస్తుంది. మధ్యమధ్య ఒక గడిలో చుక్క పెడితే అక్కడ దారం కిందకు దిగి బిగుస్తుంది. ఆ గదిలో దాన్ని కట్టు చుక్క అనేవాళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక కమాండు ఉంది. ఒక్క నొక్కుతో బొమ్మ నిండా చుక్కలు వరసగా పడతాయి. పద్నాలుగో పాఠం. అక్కులప్పకు అది తెలియదు. చూపుడువేలు తెర మీద ఆనించి, పెదవులు కదుపుతూ ఏడు గళ్ళు లెక్కపెట్టి ఒక చుక్క పెడతాడు. మళ్ళీ ఏడు. మళ్ళీ చుక్క. అప్పటికి నెలన్నరగా ఆయన చేస్తున్న పని అదే.

వారిజకు ఆ మధ్యాహ్నం గడవడం కష్టమైంది. నెలన్నర శ్రమను అరనిమిషంలో చేసిపెట్టగల మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమంటే మాటలా? రెండుసార్లు మాట నోటిదాకా వచ్చింది. మూడోసారి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. నీళ్ళ కుండ దగ్గర నుంచి తిరిగి వస్తూ, దూరం నుంచి తెర చూసి, నాలుగడుగుల ముందే ఆగిపోయింది.

చుక్కలు వరసగా లేవు. ఏడు గళ్ళ లోపల ఎక్కడ పెట్టాలో ఆయన ఎంచుకుంటున్నాడు. ప్రతి చుక్కా పండు మీద కన్నుకూ కన్నుకూ మధ్యన ఉండే పల్లంలో పడుతోంది. చుక్క పడ్డచోట దారం అణిగి పల్లమవుతుంది. పడనిచోట జరీ ఉబ్బి కన్నవుతుంది. దగ్గరనుంచి చూస్తే చుక్కలు. దూరం నుంచి చూస్తే తోలు మీద గరుకుదనంతో సహా ఒక సీతాఫలం. ఆమె పద్నాలుగో పాఠం నొక్కి ఉంటే బొమ్మ నిండా ఒకే కొలత చుక్కలు కురిసి, అది గుండ్రటి గళ్ళ బంతి అయ్యుండేది. ఆమె వచ్చి నిశ్శబ్దంగా కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, తాను మాట్లాడకపోవడం ఎంత మంచిదయిందో అనుకుంది. పాఠాలన్నీ చించేయాలా అని కూడా ఒక్క క్షణం అనుకుందట.

మూడోరోజు ఆ మాట అనుకోవలసిన పని లేకపోయింది.

కొంగు బొమ్మ పూర్తయింది. ఇక దాని పక్కన రావలసిన సన్నటి అంచు మిగిలింది. అక్కులప్ప ఖాళీ తెర తెరిచి, గంటలో ఒక చిన్న ఆకుల వరస గీశాడు. దాన్ని దాచిపెట్టాలి. కంప్యూటర్ పేరు అడిగింది. పేర్ల జాబితాలో ముందు నుంచీ ఉన్నది ఒక్కటే, కొంగు బొమ్మది. ఆయన కీబోర్డు జోలికి పోలేదు. జాబితాలో ఉన్న ఆ పేరు మీదే నొక్కాడు. వెంటనే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చింది. ఈ పేరుతో ఒకటి ముందే ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టమంటావా అని ఇంగ్లీషులో అడిగింది. ఎడమపక్క అవునని, కుడిపక్క వద్దని. బాణం గుర్తు నిదానంగా ఎడమపక్కకు పోయింది.

“అన్నా, వద్దు!”

వారిజ అరిచింది. అరవడమే కాదు, ఆయన చేతిని మౌసుతో సహా గట్టిగా పట్టుకుంది. పెద్దవాడు, పరాయి మగవాడు అన్న తలపు కూడా ఆమెకు రాలేదు. నెలన్నర చుక్కలు ఆ ఒక్క నొక్కు కింద ఉన్నాయి.

“అది నొక్కితే కొంగు పోతుందన్నా! మొత్తం పోతుంది! ఏం రాసుందో చూసుకోలేదా?”

ఆమె వేళ్ళు వదిలాక కూడా అక్కులప్ప మౌసు మీద నుంచి చేయి తీయలేదు. తెర వైపే చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు:

“చదవను వచ్చింటే మీ క్లాసులోనే కూర్చునేవాణ్ణి గదమ్మా.”

వారిజకు మొదటిరోజు క్లాసు కళ్ళ ముందుకు వచ్చింది. మెనూలో పైన ఉన్న పేర్లను ఒక్కొక్కరినీ లేచి పైకి చదవమంది తాను. వంతు వచ్చినప్పుడు అక్కులప్ప లేచి నిలబడి, కళ్ళద్దాలు తేలేదన్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తాను, “రేపు తెచ్చుకోండి” అని పక్కవాళ్ళను లేపింది. ఆ మనిషికి కళ్ళద్దాలే లేవు. మూడు రోజులుగా మూరెడు దూరంలో కూర్చుని చూస్తున్నా, ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

“తెలుగు చదువుతానమ్మా. ఐదు వరకు పోయినా. ఇంగ్లీషే... అక్షరాలు తెలుసు, కలిపితే రాదు. ఆ పిల్లోళ్ళ ముందర...” అని ఆగిపోయాడు.

ఆమె కుడిపక్కది నొక్కింది. పేరు మార్చి ఆకుల వరసను విడిగా దాచింది. కొంగు తెరిచి, పోలేదని ఆయనకు చూపించింది. ఆ తరువాత కాసేపటికి, “అన్నా, ఆ దయ్యాన్ని ఒకసారి నొక్కుదామా? నేనున్నాను గదా” అంది.

ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. నొక్కేటప్పుడు కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. బొమ్మ మీద ఎర్ర మచ్చలు లేచాయి. అవి చెడిపోయినచోట్లు కావని, కట్టు లేక దారం ఎక్కువ దూరం సాగినచోట్లని, కంప్యూటరే లెక్కపెట్టి చూపుతుందని ఆమె వివరించింది. పదిహేనో పాఠం అది. తొలిసారి నొక్కిన రోజున ఒక్క చుక్కా లేదు కాబట్టి బొమ్మంతా ఎర్రబడింది. ఇప్పుడు మచ్చలు పదకొండు.

అక్కులప్ప ఆ పదకొండునూ చూశాడు. తన చూపుడువేలును కూడా ఒకసారి చూసుకున్నాడు. దాని చివర కాయ కాసినట్టు గట్టిపడింది.

“అయితే నేను లెక్కబెట్టిందంతా ఇది లెక్కబెడతాదా?”

“పెడుతుందన్నా.”

“నెలన్నర...” అన్నాడు. నవ్వబోయాడు గాని అది నవ్వు కాలేదు. ఆయన ముఖం తుడుచుకుని ముందుకు జరిగి, తొమ్మిది మచ్చలను చకచకా సరిచేశాడు. రెండింటిని వదిలేశాడు.

“ఆ రెండూ ఉండనీ. పండు విచ్చుకున్న జాగా అది. అక్కడ కట్టు పడితే మూసుకుపోతాది.”

“ఏడు దాటితే దారం లేస్తుందన్నా. అది రూలు.”

“నేను ముప్పై ఏండ్లు నేసినోణ్ణమ్మా. అక్కడ వచ్చేది జరీ కాదు, పట్టు. పట్టు ఇంకా రెండు గళ్ళు ఆగుతాది.”

ఆమె వాదించలేదు. ఆయన మాట నమ్మిందో, మూడు రోజుల తరువాత వాదించే బలం లేకపోయిందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం చౌడప్ప సారు దగ్గరకు వెళ్ళి నిలబడింది.

“మాట్లాడేసినా సారూ.”

“ఎప్పుడు?”

“ఈ దినమే. మాట్లాడకపోతే అంతా పోయేది.”

“మంచిపని చేసినావు” అన్నాడాయన.

“ఆయనకు ఇంగ్లీషు రాదని మీకు తెలుసా?”

“తెలుసు.”

ఆమెకు కోపం వచ్చింది. “అయితే నాకు ఒక్క మాట ముందే చెప్పొచ్చు గదా సారూ. నేను అంత కఠినురాలినా?”

“చెప్పింటే జాలిపడేదానివమ్మా. ఇప్పుడు చూసినావు” అన్నాడు. జేబులోని కాగితం తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని గోడకు అంటించలేదు.

మరునాడు మధ్యాహ్నం అక్కులప్ప, వారిజ కలిసి ఒక పెద్ద అట్ట తయారుచేశారు. ఒక్కొక్క కమాండు బొమ్మ, దాని పక్కన ఇంగ్లీషు పేరు తెలుగు అక్షరాల్లో, దాని పక్కన అక్కులప్ప పెట్టిన పేరు. పొద్దుటి క్లాసువాళ్ళు అది చూసి నవ్వారు. వారం తిరిగేసరికి వాళ్ళూ అవే పేర్లు వాడారు. ఆ గదిలో ఇప్పటికీ రంగు నింపేది బిందే. ఆ తరువాత అక్కులప్ప అప్పుడప్పుడూ పొద్దున వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. అన్ని పాఠాలూ వినలేదు. కొన్ని రోజులు మధ్యలోనే లేచి, ఏదో తోచినట్టు కిటికీ పక్కకు వెళ్ళిపోయేవాడు. వారిజ పిలిచేది కాదు. వెళ్ళనివ్వడం కూడా ఆమెకు సులువుగా అలవాటు కాలేదట.

అట్టలు కొట్టించి జకార్డుకు ఎక్కించారు. కదిరమ్మ పదహారు రోజులు నేసింది. కొంగు మగ్గం మీద నుంచి కోసిన రోజున వారిజ వాళ్ళింటికి వెళ్ళింది. వాకిట్లో మంచం మీద పరిచిన కొంగు మీద సీతాఫలాలు నిజంగా మాగినట్టే ఉన్నాయి. చేత్తో తడిమితే కన్నులు తగులుతున్నాయి. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తాకి చూస్తున్నారు. అక్కులప్ప గోడకు ఆనుకుని, కర్ర మీద గడ్డం పెట్టుకుని, ఎవరేమంటారో వింటున్నాడు.

కదిరమ్మ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతి గాజులను బట్ట మీద అటూ ఇటూ రుద్దింది. పండు విచ్చుకున్న మొదటిచోట గాజు జారిపోయింది. రెండోచోట టక్కున ఆగింది. చిన్న పట్టు పోగు ఒకటి ఉంగరంలా పైకి లేచింది.

“ఇదో, ఇది తగులుకుంటాంది” అంది.

“పట్టు ఆగుతాది. నేను నేసినోణ్ణి, నాకు తెలీదా?” అన్నాడు అక్కులప్ప.

“నేసినోనివే. కట్టుకున్నోనివా?” అంది కదిరమ్మ. “ఈ చేతులకు గాజులున్నాయి, సంకలో బిడ్డ ఉంటాది. అది నీ మగ్గానికి యాడ తెలుస్తాది?”

వాకిలంతా నవ్వింది. అక్కులప్ప వారిజ వైపు చూశాడు. రూలు చెప్పిన మనిషి ఏమంటుందోనని కావచ్చు. వారిజ వంగి, గాజు జారిపోయిన మొదటిచోటును చూస్తోంది. అక్కడ దారం తొమ్మిది గళ్ళు సాగింది. ఆమె రూలు ప్రకారం అది కూడా లేవాలి. లేవలేదు. రెండుసార్లు గోరుతో గీకి చూసింది. అయినా లేవలేదు. ఎందుకు లేవలేదో ఆ రోజు వాళ్ళు ముగ్గురూ చెప్పలేకపోయారు.

రెండోచోట ఒక చుక్క పెట్టి, ఒక్క అట్ట మార్చి, కొంగును మళ్ళీ నేశారు. కమిటీవాళ్ళు కొంగును కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ వీధిలోని ఆరు మగ్గాలకూ సీతాఫలం అట్టలే ఎక్కాయి. దసరా వరకు ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఆగలేదు. సంఘం మేడ మీద కిటికీ పక్క కంప్యూటర్ అక్కులప్పదైంది. కదిరమ్మ గాజుల పరీక్ష పూర్తికానిదే ఆయన ఏ డిజైనూ బయట పెట్టడం లేదు.

పనుల సందడి తగ్గాక ఒక సాయంత్రం వారిజ, చౌడప్ప సారు కంప్యూటర్లకు గుడ్డలు కప్పుతున్నారు. మరునాడు కొత్త బ్యాచి వస్తుంది. పదహారు మంది పేర్లు ఇచ్చారు. ఆమె తన పాఠాల పుస్తకాన్ని చేతిలో పట్టుకుని, కాసేపు తటపటాయించి అడిగింది:

“సారూ, ఆ పొద్దు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు. నేర్పితే వచ్చేదా, తానే నేర్చుకునేదా? మూడు రోజులు కూర్చుంటే తెలుస్తుందనుకున్నా. ఒకరోజు ఇదనిపించె, ఒకరోజు అదనిపించె. రేపు నేను ఏదని మొదలుపెట్టాలి?”

చౌడప్ప సారు గుడ్డ అంచు సరిచేశాడు.

“ఎవరికి?” అన్నాడు.

“ఎవరికైనా, సారూ.”

ఆయన చివరి కిటికీ రెక్క మూసి, గడియ పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

“‘ఎవరైనా’ అనే పేరు గల మనిషి ఇన్నేండ్లలో మన దగ్గరికి ఒక్క దినమూ రాలేదమ్మా.”